ఆకాశరామన్న మాటా, ఆడవాళ్ళ పరువూ

(విశాఖపట్నంలో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేరు లేని విమర్శల గురించీ, రోజువారీ జీవితంలో తగ్గిపోతున్న మర్యాద గురించీ మాట్లాడమని నన్ను అడిగారు. ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా ఈ ప్రస్తావన వస్తోంది. మనుషుల్లో మర్యాద పోయిందనీ, చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ మొహం చూపించకుండా నోటికొచ్చినట్టు తిడుతున్నాడనీ, వెనకటి రోజుల్లో ఇలా ఉండేది కాదనీ అంటున్నారు. మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. మూడో మాట దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. వెనకటి రోజుల్లో ఎవరికి ఎవరు మర్యాద ఇచ్చేవారు?

మర్యాద అనే మాటకు సంస్కృతంలో ఉన్న అర్థం హద్దు. సముద్రానికి చెలియలికట్ట ఎలాంటిదో మనిషికి మర్యాద అలాంటిదని పెద్దలు చెప్పేవారు. సముద్రం ఒడ్డున బతికే మనకు ఈ పోలిక బాగానే అర్థమవుతుంది. అయితే ఆ హద్దు గీసింది ఎవరు, ఎవరి కోసం అనేది స్త్రీలుగా మనం అడగవలసిన ప్రశ్న. హద్దు లోపల ఉన్న స్త్రీకి గౌరవం దక్కేది, హద్దు దాటిన స్త్రీ అల్లరిపాలయ్యేది. కుటుంబ మర్యాద అనే బరువు కూడా ఆడవాళ్ళ నెత్తినే ఉండేది.

అందరు స్త్రీలకూ ఆ హద్దు లోపల చోటు ఉండేదా అంటే అదీ లేదు. ఫిషింగ్ హార్బరులో తెల్లవారకముందే చేపలు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్ముకునే జాలరి స్త్రీని ఏ రోజుల్లో "మీరు" అన్నారు? ఇళ్ళలో పని చేసే స్త్రీని, ఆస్పత్రి వరండాలు ఊడ్చే స్త్రీని ఎలా పిలిచేవారు? దళిత స్త్రీలను "ఒసే", "ఏమే" అని పిలవడం మర్యాద ఉందని చెప్పుకునే కాలంలోనే జరిగింది. ఈ రోజు ఉద్యోగం చేసే మధ్యతరగతి స్త్రీ తన ఫోనులో చూసి నిర్ఘాంతపోతున్న భాష, ఆ స్త్రీలకు ఎదురుగా నిలబడి అన్న భాషే. అందుచేత పాత మర్యాద తిరిగి రావాలని మనం కోరుకోలేం. తిట్టినవాడు ఎవరో తెలియకపోవడం వల్ల అదనంగా జరిగే నష్టం ఏమిటో, దాన్ని ఎలా ఎదుర్కోవాలో చూడడం మన పని.

రెండు రకాల ఉత్తరాలు

పేరు లేనివాడికి కూడా మన భాష ఒక పేరు పెట్టింది. సంతకం లేని ఉత్తరాన్ని ఆకాశరామన్న ఉత్తరం అంటాం. ఈ మాట ఇంత ఇంటింటి మాట అయిందంటే ఈ అలవాటు మనకు ఎంత పాతదో ఊహించవచ్చు. ఫోను దాన్ని కొత్తగా పుట్టించలేదు. కార్డు ముక్క మీద ఎడమ చేత్తో రాసిన ఉత్తరాలు, కాలేజీ గోడల మీదా రైలు పెట్టెల్లోనూ ఆడపిల్లల పేర్లతో కనిపించే రాతలు, ఇంటికి టెలిఫోను వచ్చిన కొత్తలో ఎత్తగానే మాట్లాడకుండా ఊపిరి మాత్రం వినిపించిన కాల్స్, ఇవన్నీ ఒకే వరసలోవి.

ఈ ఉత్తరాలను నేను రెండు రకాలుగా చూస్తాను. ఫలానా అధికారి లంచం తిన్నాడనో, ఫలానా కాంట్రాక్టరు జీతాల్లో కోత పెడుతున్నాడనో పైవాళ్ళకు రాసేది ఒక రకం. ఇక్కడ రాసినవాడు బలహీనుడు, ఎవరి మీద రాశాడో అతను బలవంతుడు. ఫలానా అమ్మాయి నడత మంచిది కాదని ఆమె తండ్రికో, భర్తకో, పెళ్ళివారికో రాసేది రెండో రకం. ఇక్కడ వేలు కిందికి చూపిస్తుంది.

ఇప్పుడు ఈ రెండింటికీ ఏం జరుగుతుందో చూడండి. మన ఊళ్ళో పోర్టు ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది. రెండూ కేంద్ర ప్రభుత్వానివి, కేంద్ర విజిలెన్స్ కమిషన్ పరిధిలోకి వచ్చేవి. పేరూ చిరునామా లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని ఆ కమిషన్ 1999లో ఉత్తర్వు ఇచ్చింది. మధ్యలో కొన్ని సడలింపులు వచ్చినా తర్వాత వాటినీ తీసేసింది. దానికి కారణం ఉంది. ఏ ఆధారమూ లేని ఒక కాగితం ముక్కతో నిజాయితీగా పనిచేసే ఉద్యోగిని వేధించవచ్చు, పదోన్నతి ఆపించవచ్చు. కాబట్టి సంతకం లేకపోతే ఆ కాగితాన్ని దాఖలు చేసి పక్కన పెడతారు.

మరి రెండో రకం ఉత్తరాన్ని ఎవరు పక్కన పెడుతున్నారు? అధికారికి దొరికిన ఈ రక్షణ ఆడపిల్లకు ఆమె సొంత ఇంట్లో దొరకదు. ఆఫీసులో చెల్లని ఆకాశరామన్న ఉత్తరం ఇంట్లో చెల్లుతుంది. అక్కడ రుజువు అడగరు, రాసినవాడు ఎవరని అడగరు, ఆమె చెప్పేది విననైనా వినరు. "నిప్పు లేనిదే పొగ రాదు" అని ఒక సామెత చదువుతారు. ఆమె చదువు మానాలి, లేదా ఉద్యోగం మానాలి, లేదా ఆ సంబంధం తప్పిపోతుంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. ఆకాశరామన్నకు ఉన్న బలం అతని చేతిరాతలో లేదు. స్త్రీ గురించి ఏం రాసినా నమ్మడానికి సిద్ధంగా ఉన్న మన ఇళ్ళలో ఉంది.

గాజువాక వైపు బస్తీల్లో పనిచేసే స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు ఒకామె తన సంగతి చెప్పింది. ఆమె ఒక చోట కాంట్రాక్టు కింద ఊడ్చే పని చేస్తోంది. తోటివాళ్ళను కూడగట్టి జీతం చీటీలు ఇవ్వమని అడిగింది. పది రోజుల తర్వాత ఆమె భర్త పేర ఒక ఉత్తరం వచ్చింది. జీతాల సంగతి అందులో ఒక్క ముక్క లేదు, సాయంత్రం మీటింగుల పేరుతో ఆమె ఎవరితో తిరుగుతోందో రాశారు. ఆమె నాతో అన్నది, "ఆడి పేరు నేదు గానీ నా పేరు మాత్రం మూడుసార్లు రాసేడమ్మా." ఆ తర్వాత ఆమె మీటింగులకు రావడం మానేసింది. జీతం చీటీల గొడవ అక్కడితో ఆగిపోయింది. ఉత్తరం రాసినవాడికి కావలసింది ఏమిటో ఈ ఫలితాన్ని బట్టి తెలుసుకోవచ్చు. స్త్రీ నడత గురించి మాట్లాడితే చాలు, ఆమె అడిగిన హక్కు గురించి ఎవరూ మాట్లాడరు.

పేరు దాచుకోవడం ఎప్పుడూ పిరికితనమేనా?

"దమ్ముంటే పేరు పెట్టుకుని మాట్లాడమనండి" అని మనలో చాలామంది అంటారు. ఈ మాట అనేముందు మన చరిత్ర ఒకసారి చూసుకోవాలి. 1882లో పంజాబులో "సీమంతనీ ఉపదేశ్" అనే హిందీ పుస్తకం వచ్చింది. స్త్రీల బానిసత్వం గురించి, వైధవ్యం గురించి నిర్మొహమాటంగా రాసిన ఆ పుస్తకం మీద రచయిత్రి పేరు లేదు, ఒక అజ్ఞాత హిందూ స్త్రీ అని మాత్రమే ఉంది. ఆమె ఎవరో ఈనాటికీ మనకు తెలియదు. పేరు పెట్టుకుని తీరాలని ఆనాడు ఎవరైనా పట్టుబట్టి ఉంటే ఆ పుస్తకమే ఉండేది కాదు. మన తెలుగులో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు "గృహలక్ష్మి" పత్రికలో "శారద" పేరుతో స్నేహితురాలికి రాసినట్టుగా లేఖలు రాసి, స్త్రీల సమస్యలెన్నో చర్చించారు. మరో పేరు చాటున నిలబడితే ఆడవాళ్ళు మాట్లాడగలిగిన కాలాలు ఉన్నాయి.

పేరు బయటికి రాకుండా ఉండడాన్ని స్త్రీల ఉద్యమం ఒక హక్కుగా కూడా సాధించుకుంది. మధుర కేసు తీర్పు మీద దేశమంతటా జరిగిన ఆందోళన తర్వాత, 1983లో అత్యాచార చట్టాన్ని సవరించినప్పుడు బాధితురాలి పేరు ప్రచురించడం నేరమంటూ శిక్షాస్మృతిలో 228-ఎ సెక్షను చేర్చారు. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షను. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలిని చంపినప్పుడు ఆమెను "దిశ" అని పిలవమని పోలీసులు కోరింది అందుకే. కానీ ఏం జరిగింది? అప్పటికే ఆమె పేరూ ఫొటో లక్షల ఫోనులకు చేరిపోయాయి. తమ పేర్లు దాచుకున్నవాళ్ళు ఆమె పేరును ఊరూరా తిప్పారు.

ఇక పేరు పెట్టినంత మాత్రాన మర్యాద వస్తుందనుకోవడం కూడా పొరపాటే. 1980ల చివర స్త్రీవాద కవిత్వం వచ్చినప్పుడు తమ శరీరం గురించి, ప్రసవం గురించి రాసిన కవయిత్రులవి "నీలి కవితలు" అని తిట్టిన విమర్శకులు సంతకాలు పెట్టే తిట్టారు, పేరున్న పత్రికల్లోనే తిట్టారు. 1993లో వచ్చిన స్త్రీవాద కవితల సంకలనానికి "నీలిమేఘాలు" అని పేరు పెట్టుకున్నారు మన కవయిత్రులు. ఆ తిట్లు తిట్లే. కానీ ఎవరికి జవాబు చెప్పాలో మనకు తెలుసు. మరుసటి వారం అదే పత్రికకు రాశాం, సభల్లో ఎదురుగా నిలబడి అడిగాం. ఆ వాదం వల్ల తెలుగు సాహిత్యంలో ఒక చర్చ నడిచింది. సంతకం వల్ల వచ్చిన తేడా ఇదే. అది తిట్టును ఆపలేదు, జవాబుకు దారి ఉంచింది.

కాబట్టి పేరు ఉందా లేదా అనే ఒక్క ప్రశ్నతో ఏదీ తేలదు. రాసినవాడు ఎవరి నుంచి దాక్కున్నాడు, రాత వల్ల ఎవరు నష్టపోతారు అని కూడా అడగాలి. బలవంతుడి నుంచి దాక్కుంటే అది ఆత్మరక్షణ. బలహీనురాలిని కొట్టి, ఆమె జవాబు నుంచి దాక్కుంటే అది దాడి.

ఫోను వచ్చాక మారింది ఏమిటి?

ఆకాశరామన్న ఉత్తరం ఒక ఇంటికి వచ్చేది. ఇప్పుడు అది ఒకేసారి వేలమందికి వెళుతోంది. అప్పుడు రాసేవాడు ఒకడు, ఇప్పుడు ఒకడు రాస్తే మిగిలినవాళ్ళు పంచుతున్నారు. "నేను రాయలేదండీ, ఎవరో పంపారు, నేను ఫార్వర్డ్ చేశాను" అనే మాట మనం రోజూ వింటున్నాం. మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, సంఘాల గ్రూపుల్లో కూడా ఈ మాట వినిపిస్తోంది.

దీనికి పక్క రాష్ట్రం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. 2018 ఏప్రిల్‌లో తమిళనాడులో నటుడు, రాజకీయ నాయకుడు ఎస్.వి. శేఖర్ మహిళా జర్నలిస్టులను నీచంగా కించపరిచే ఒక పోస్టును పంచుకున్నారు. తను రాయలేదనీ, చదవకుండా పంపాననీ చెప్పి క్షమాపణ అడిగారు. కేసు కొట్టివేయడానికి 2023 జూలైలో మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. పంపినవాడు ఆ మాటల ఫలితానికి బాధ్యత వహించవలసిందేనని చెప్పింది. ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. 2024 ఫిబ్రవరిలో చెన్నైలోని ప్రత్యేక కోర్టు ఆయనకు నెల రోజుల శిక్ష వేసింది. ఫార్వర్డ్ చేయడం అంటే సంతకం చేయడమే అని మనవాళ్ళకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అయితే పేరున్న జర్నలిస్టులు పట్టుబట్టి పోరాడిన ఈ కేసుకు కూడా ఆరేళ్ళు పట్టింది.

అంత ఓపిక, అండ లేని స్త్రీల మాటేమిటి? 2024 మార్చిలో తెనాలిలో ఒక గృహిణి తనకు ఇంటి పట్టా వచ్చిందని సంతోషంతో మాట్లాడిన వీడియో అందరికీ చేరింది. ఎన్నికల కాలం కావడంతో ఆమె మాటలు రాజకీయమయ్యాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆమెను హేళన చేశారు, దూషించారు. కొద్ది రోజుల్లోనే ఆమె రైలు కింద పడి, ఆస్పత్రిలో చనిపోయింది. ఆ చావుకు కారణం మీద పార్టీలు వాదించుకున్నాయి. నేను ఆ వాదంలోకి పోను. ఒక పేద స్త్రీ మైకు ముందు తన పేరుతో, తన మొహంతో నాలుగు మాటలు మాట్లాడినందుకు అంత దూషణ పడవలసి వచ్చిందనేది మాత్రం ఎవరూ కాదనలేని సంగతి.

చట్టం ఎవరి వైపు?

కఠినమైన చట్టం కావాలని వెంటనే అడుగుతాం. చట్టాలు ఉన్నాయి. పేరు దాచి బెదిరించడాన్ని 1860 నాటి శిక్షాస్మృతి 507వ సెక్షనులోనే ప్రత్యేక నేరంగా రాశారు. భారతీయ న్యాయ సంహితలో అది 351వ సెక్షనులో నాలుగో భాగం. వెంటపడి వేధించడం 78వ సెక్షను, స్త్రీని కించపరిచే మాటలు, సైగలు 79వ సెక్షను. ఆన్‌లైన్ మోసాలకు, వేధింపులకు 1930 నంబరు, జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ఉన్నాయి. స్త్రీలు, పిల్లల మీద జరిగే అశ్లీల నేరాల గురించి ఆ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. ఇవన్నీ మన కార్యకర్తలకు తెలిసి ఉండాలి.

కానీ బెదిరింపూ అశ్లీలమూ లేకుండా "ఆమె మంచిది కాదు" అని ఊరుకుంటే? అప్పుడు అది పరువునష్టం కిందికి వస్తుంది. దానికి పోలీసులు తమంతట తాము కేసు కట్టరు. మనమే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలి. ఎవరో తెలియని మనిషి మీద ఒక కూలి స్త్రీ కేసు ఎలా వేస్తుంది?

ఉన్న చట్టం ఎవరి మీద కదిలిందో, ఎవరి కోసం కదిలిందో కూడా గుర్తు చేసుకుందాం. మూడూ 2020 నాటి సంగతులే. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో మన పక్కనే నర్సీపట్నంలో డాక్టర్ సుధాకర్ అనే దళిత వైద్యుడు మాస్కులు లేవని తన పేరుతో, అందరి ముందు చెప్పాడు. సస్పెండయ్యాడు. మే నెలలో ఇదే విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన దృశ్యం మనందరం చూశాం. హైకోర్టు సి.బి.ఐ. విచారణ వేసింది. మరుసటి సంవత్సరం ఆయన చనిపోయాడు. అదే మే 7న ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ విషవాయువు వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురంలోనూ చుట్టుపక్కలా 12 మంది చనిపోయారు. దాని మీద ప్రశ్నలున్న ఒక పోస్టును తన సొంత పేరుతో పంచుకున్నందుకు గుంటూరులో ఉండే 66 ఏళ్ళ మహిళకు సి.ఐ.డి. నోటీసు ఇచ్చింది. ఇక అదే సంవత్సరం హైకోర్టు న్యాయమూర్తులను సోషల్ మీడియాలో దూషించినప్పుడు కోర్టే స్పందించింది, మేలో 49 మందికి నోటీసులు ఇచ్చింది, అక్టోబరులో సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించింది.

న్యాయమూర్తులను దూషించడం తప్పే. కానీ అదే భాషలో తిట్లు తిన్న స్త్రీ స్టేషనుకు వెళితే "బ్లాక్ చేసుకోమ్మా" అనే సలహాతో పంపేస్తున్నారు. సంతకం పెట్టి పైవాళ్ళను ప్రశ్నించినవాళ్ళు దొరుకుతారు, కాబట్టి చట్టానికి వాళ్ళే చిక్కుతారు. 66-ఎ సెక్షను అస్పష్టంగా ఉందనీ, వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమనీ సుప్రీంకోర్టు 2015లో దాన్ని కొట్టివేసింది. అందుకే మరో కఠిన చట్టం కావాలని అడిగేముందు అది ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించాలి.

మన సంఘాల్లో మనం చేయగలిగింది

విశాఖ తీర్పు అంటే మన ఊరికి సంబంధించినదని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. అది రాజస్థాన్‌లోని ఒక స్త్రీల సంస్థ పేరు. భన్వరీ దేవి పోరాటం నుంచి వచ్చిన ఆ 1997 తీర్పు ఆధారంగానే 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం వచ్చింది. దాని 9వ సెక్షను ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగా, బాధితురాలి పేరుతో, సాధారణంగా మూడు నెలల లోపల ఇవ్వాలి. పేరు పెడితే మర్నాడు గేటు పాసు ఉండదని తెలిసిన కాంట్రాక్టు కార్మికురాలు ఏం చేస్తుంది? ఎవరి చేతనో ఒక కాగితం రాయించి పెట్టెలో వేస్తుంది. సంతకం లేదని కమిటీ దాన్ని పక్కన పెడుతుంది.

ఇక్కడే మన అవసరం ఉంది. రాసుకోలేని స్త్రీకి రాయడంలో సాయం చేయవలసిన బాధ్యత కమిటీదే అని అదే సెక్షను చెబుతోంది. ఆమె పేరు బయటపెట్టకూడదని 16వ సెక్షను చెబుతోంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని 14వ సెక్షను చెబుతోంది. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట్లకు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. పోర్టు చుట్టూ, ఉక్కునగరం చుట్టూ, దువ్వాడ, అచ్యుతాపురం సెజ్‌ల చుట్టూ పనిచేసే స్త్రీలలో ఈ విషయాలు ఎందరికి తెలుసో మీరే చెప్పాలి. పేరు లేని కాగితం పెట్టెలో పడిందంటే ఆ చోట పేరు పెట్టడానికి భయం ఉందని అర్థం. ఆ కాగితం మీద విచారణ జరపలేకపోవచ్చు. కానీ ఆ విభాగానికి వెళ్ళి స్త్రీలందరితో మాట్లాడడానికీ, చట్టం వివరించడానికీ అది చాలు.

ఇక మన సంఘాలకు వచ్చే రెండో రకం ఉత్తరాల సంగతి. మన కార్యకర్తల మీద కూడా ఆకాశరామన్న ఉత్తరాలు వస్తాయి. ఫలానా ఆమె భర్తను వదిలేసిందనీ, ఫలానా ఆమె మగవాళ్ళతో క్యాంపులకు వెళుతోందనీ రాస్తారు. వాటిని కార్యవర్గ సమావేశంలో చదివిన సంఘాలు నాకు తెలుసు. చదివాక "మేం నమ్మలేదనుకో" అంటారు. చదవడంతోనే ఆ ఉత్తరం పని పూర్తయిపోయింది. ఆ తర్వాత నమ్మామా లేదా అన్నది ఆమెకు పెద్ద తేడా చేయదు.

అందుచేత కొన్ని నియమాలు మనం రాసి పెట్టుకోవాలని నా ప్రతిపాదన. స్త్రీ వ్యక్తిగత జీవితం గురించి సంతకం లేకుండా వచ్చినది ఏదైనా సమావేశంలో చదవకూడదు, గ్రూపులో పెట్టకూడదు. అలాంటిది వచ్చిందని ముందుగా ఆమెకే చెప్పాలి, ఆ కాగితాన్నో సందేశాన్నో జాగ్రత్తగా ఉంచాలి. ఫిర్యాదు చేయాలా వద్దా అనేది ఆమె నిర్ణయించుకోవాలి. డబ్బు లెక్కల గురించో, అధికార దుర్వినియోగం గురించో అయితే పేరు లేకపోయినా లెక్కలు తీసి చూడాలి, ఎందుకంటే అక్కడ చూడవలసినవి కాగితాలు, మనిషి నడత కాదు. మనలో మనకు భేదాలు వచ్చినప్పుడు విమర్శను పేరు పెట్టి, ఎదుట కూర్చుని చెప్పుకోవాలి. అలా చెప్పిన చిన్న కార్యకర్తకు మర్నాడు పని పోదనే భరోసా పెద్దవాళ్ళు ఇవ్వాలి. ఆ భరోసా లేని సంఘంలో ఆకాశరామన్న పుట్టడం సహజం.

కుటుంబాలతో మనం చేసే కౌన్సెలింగులో కూడా ఈ సంగతి చేరాలి. ఒక అమ్మాయి గురించి ఏదో వచ్చిందని తండ్రి ఫోను పట్టుకుని మన దగ్గరికి వచ్చినప్పుడు, "ఇది నిజమా" అని అమ్మాయిని అడగడంతో మొదలుపెట్టకండి. "ఇది పంపింది ఎవరు, మీరు ఎందుకు నమ్మారు" అని ఆ తండ్రిని అడగండి. ప్రభుత్వ కార్యాలయంలో ఒక గుమాస్తాకు దొరికే పాటి న్యాయం తన కూతురికి ఇంట్లో దొరకాలని ఆయనకు చెప్పండి. ఈ మాట మెత్తగా చెప్పినా ఫరవాలేదు, కానీ తప్పించుకోకుండా చెప్పాలి.

మర్యాద గురించి మొదలుపెట్టాను కాబట్టి ఆ మాట కూడా పూర్తి చేస్తాను. పాత మర్యాద మనల్ని హద్దులో ఉంచింది. మనకు కావలసిన మర్యాద వేరే ఉంది. చేపల బుట్ట మోసే ఆమెనూ, కంప్యూటరు ముందు కూర్చునే ఆమెనూ ఒకేలా "మీరు" అనగలగాలి. విమర్శ ఎంత కటువుగా ఉన్నా ఆమె చేసిన పని మీద ఉండాలి, ఆమె శరీరం మీదా, నడత మీదా ఉండకూడదు. ఆ మర్యాదను సమాజం నుంచి అడిగే హక్కు మనకు ఉంది. దాన్ని ముందుగా మన సమావేశాల్లో, మన గ్రూపుల్లో, మన దగ్గరికి ఫిర్యాదుతో వచ్చే స్త్రీతో మాట్లాడే తీరులో అమలు చేద్దాం. నేను చెప్పిన నియమాలు సరిపోవనిపిస్తే చర్చించి మార్చండి. రాసి పెట్టుకోకుండా మాత్రం ఈ రోజు ఇక్కడి నుంచి వెళ్ళొద్దని కోరుతూ ముగిస్తున్నాను.